ల్యాంపు బెల్టు నాలుగో రంధ్రం

కరోనాకు ముందటి ఏడాది జూన్ చివర్లో నన్ను మందమర్రి నుంచి గోదావరిఖనికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ చీఫ్ మెడికల్ ఆఫీసర్, జనరల్ మెడిసిన్. పేరు అంత పొడుగున్నా పని మాత్రం పొద్దున ఓపీ, మధ్యాహ్నం వార్డు, సాయంత్రం మళ్లీ ఓపీ. బొగ్గు కంపెనీ ఆసుపత్రిలో ఫిజీషియన్ అంటే బీపీ, షుగరు, దగ్గు, ఆపైన సంతకాలు. సిక్ సంతకం, ఫిట్ సంతకం, రిఫరల్ సంతకం. మాది తెనాలి. అప్పటికి ఇరవై మూడేళ్లుగా ఈ బొగ్గు ఊళ్లలోనే ఉంటున్నా, నేను నోరు తెరిస్తే చాలు, "ఆంధ్రా మేడం" అని తేల్చేసేవారు. నేనూ నా మాట మార్చుకోలేదు, వాళ్లూ నన్ను మార్చాలని చూడలేదు.

ఈ కథ అర్థం కావాలంటే ఇక్కడి పద్ధతి ఒకటి తెలియాలి. భూమి లోపల పనిచేసే కార్మికుడు జబ్బుపడి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతన్ని ఇంటికి పంపి, అర్హతలు సరిపోతే అతని పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం ఇస్తారు. అందువల్ల "అన్‌ఫిట్" అన్న మాట వేరే ఊళ్లో వింటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, ఇక్కడ కొన్ని ఇళ్లలో ముందు కొడుకు సర్టిఫికెట్లు వెతుకుతారు. వాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న కొడుకును రోజూ చూసే తల్లికి తండ్రి గుండె నొప్పి రెండు రకాలుగా కనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. కానీ డాక్టరుకు దీనివల్ల వచ్చే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. రోగి "నొస్తుంది" అనగానే, నిజంగానా అన్న ప్రశ్న స్టెతస్కోపు కంటే ముందు చెవిలోకి దూరుతుంది.

జూలై మొదటి వారంలో ఓదెలు వచ్చాడు. వయసు యాభై రెండు, పని సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, కప్పులోకి ఇనుప బోల్టులు దించే పని అది. వెంట భార్య లచ్చమ్మ, అక్క మొగుడు రాజలింగు ఉన్నారు. రాజలింగు బావిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసి రిటైరైనవాడు. కాలనీలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్తారు. జబ్బు ఓదెలుదే అయినా లక్షణాలు చెప్పిందంతా రాజలింగే.

"గుండెల మంట, మేడం. ఉత్త మంట గాదు, పిండినట్లయితది. ఎడమ చెయ్యి గుంజుతది. చెమటలు వడ్తయి."

"చెయ్యి గుంజుడు లేదు బావ," అన్నాడు ఓదెలు.

"నీకెరుక లేదు, నువ్వూకో."

నేను రాజలింగును బయట కూర్చోబెట్టాను. ఓదెలు చెప్పింది ఇది. నాలుగు నెలలుగా డ్యూటీలో, ఇంటి నుంచి కట్టుకెళ్లిన సద్ది తిన్న అరగంటకు రొమ్ము ఎముక వెనకాల మంట మొదలవుతుంది. దుంగ లేపినప్పుడు, ఏటవాలుగా పైకి నడిచినప్పుడు ఎక్కువవుతుంది. డ్యూటీ దిగి బయటికొచ్చాక తగ్గుతుంది. ఆదివారం రాదు, సెలవు రోజున రాదు, చుట్టాలింట్లో పెళ్లికెళ్లి మేక మాంసం కడుపునిండా తిన్న రోజు కూడా రాలేదు.

కష్టపడితే వచ్చి, విశ్రాంతి తీసుకుంటే పోయే ఛాతీ నొప్పి అంటే ఏ డాక్టరైనా ముందు గుండెనే అనుమానించాలి. కడుపు మంటే కదా అని ఊరుకుని ఇంట్లో సోడా తాగుతూ ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను. యాభై దాటినవాళ్లు ఈ విషయంలో సొంత వైద్యం చేసుకోకూడదు. గుండె కాదని తేలాకే మిగతావన్నీ.

ఛాతీ మీద వేలు పెట్టి, దాని మీద ఇంకో వేలితో తట్టి చూస్తున్నాను. లోపల గాలి ఉందా, నీరు చేరిందా చప్పుడును బట్టి తెలుస్తుంది. ఓదెలు తల వంచి శ్రద్ధగా విన్నాడు. "మీరు గూడ కప్పు తడ్తరా మేడం?" అన్నాడు. బావిలో ఆయన చేసేదీ అదేనట. పని మొదలుపెట్టే ముందు ఇనుప గడ్డపారతో కప్పు తట్టి వింటాడు. గట్టిగా మోగితే మంచిది. "బొంగురు సప్పుడస్తె గా కింద నిలవడద్దు. పొర ఇడిసిపెట్టినట్టు." "నా ఛాతీ ఎట్లున్నది?" అని అడిగాడు. బాగానే మోగుతోందన్నాను. "మంచిగుంటె మరి నొప్పెందుకొస్తది?" అన్నాడు.

ఈసీజీ తీశాం, బాగుంది. రక్తపరీక్ష బాగుంది. ఎకో బాగుంది. వారానికోసారి కరీంనగర్ నుంచి వచ్చే గుండె డాక్టరు టీఎంటీ చేశారు. కదిలే పట్టా మీద నడిపిస్తూ, వేగమూ ఏటవాలూ పెంచుతూ, గుండె ఎలా తట్టుకుంటుందో చూసే పరీక్ష అది. నియమం ప్రకారం ఓదెలు ఏమీ తినకుండా వచ్చాడు, చొక్కా, బెల్టు, బూట్లు విప్పి పట్టా ఎక్కాడు, పన్నెండు నిమిషాలు నడిచాడు. టెక్నీషియన్ దిగమన్నా దిగలేదు. "ఇంక జర ఎక్కువ పెట్టు, మా బాయిల గింతకన్న ఏట ఉంటది," అన్నాడట. నొప్పి రాలేదు.

రాజలింగు రిపోర్టులు వెలుతురుకు పట్టి చూశాడు. ఇంత పెద్ద మిషన్ కూడా కనిపెట్టలేకపోయిందంటే రోగం చాలా లోపల ఉందని లచ్చమ్మకు చెప్పాడు.

అప్పుడు నేను ఆసిడ్ రిఫ్లక్స్ అనుమానించాను. అన్నవాహిక కడుపులోకి దిగే చోట ఒక కండరపు పట్టీ ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అది వదులైనా, కింద నుంచి ఒత్తిడి ఎక్కువైనా కడుపులోని ఆసిడ్ పైకి ఎగదన్నుతుంది. కడుపు లోపలి పొర ఆసిడ్‌ను తట్టుకోగలదు, అన్నవాహిక పొర తట్టుకోలేదు, కాబట్టి మండుతుంది. ఆ మంట గుండె పక్కనే పుట్టడం వల్ల గుండె నొప్పిలాగే అనిపిస్తుంది. ఓదెలుకు ఇంత చెప్పక్కర్లేకపోయింది. బావిలో నీళ్లు పైకి తోడే పంపు పైపుకు, పంపు ఆగినా నీళ్లు వెనక్కి రాకుండా ఒక వాల్వు బిగిస్తారు. "అదే ఇలా లీకయింది," అన్నాను. "ఆఁ, వాషర్ వోయింది," అన్నాడు వెంటనే. నాతో ఎంబీబీఎస్ చదివినవాళ్లలో కూడా ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ.

రిఫ్లక్స్‌ను నిర్ధారించడానికి తేలికైన దారి మందు ఇచ్చి చూడటం. మింగుడుపడకపోవడం, బరువు తగ్గడం, రక్తం వాంతి, నల్లటి విరేచనం లాంటి ప్రమాద సూచనలు ఉంటే ముందే ఎండోస్కోపీ చేయాలి. అవి లేకపోతే ఆసిడ్ తగ్గించే మాత్ర కొన్ని వారాలు ఇచ్చి, నొప్పి తగ్గితే అదే అనుకుంటాం. రోజుకొకటి, తినడానికి అరగంట ముందు అని రాసిచ్చాను. రెండు వారాల తర్వాత ముగ్గురూ వచ్చారు. నొప్పి అట్లనే ఉన్నది అన్నారు. రాజలింగు ముఖంలో బాధ కనిపించలేదు.

కరీంనగర్ పంపి ఎండోస్కోపీ చేయించాను. గొట్టం చివర కెమెరాతో అన్నవాహిక లోపల చూశారు. పుండు లేదు, ఎరుపు కూడా లేదు. రిఫ్లక్స్ ఉన్నవాళ్లలో చాలామందికి అన్నవాహిక పైకి శుభ్రంగానే కనిపిస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా, కేసు షీటులో "ఫంక్షనల్?" అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను. మా భాషలో ఆ మాటకు శరీరంలో ఏ లోపమూ దొరకలేదని అర్థం. ప్రశ్నార్థకంతో రాస్తే, ఈయన నాటకమాడుతున్నాడేమో నాకు తెలియదని అర్థం. అది నేను రాసిన మాటే. ఇప్పుడు ఇంకొకరి మీదికి తోయను.

ఆ వారమే బావి మేనేజరు స్వయంగా ఓపీకి వచ్చారు. బావిలో ఆయన మాట శాసనం. ఎవరైనా చనిపోతే చట్టం ముందు నిలబడేది కూడా ఆయనే, కాబట్టి కోపానికి కారణం ఉంది. ఓదెలు వారానికి రెండుసార్లు డ్యూటీ మధ్యలో రొమ్ము పట్టుకుని కూర్చుంటున్నాడు. "పదకొండుకు తింటాడు, పదకొండున్నరకు నొప్పి, మూడింటికి గేటు దాటగానే మాయం. గుండెకు షిఫ్టు టైమింగ్సు ఉంటాయా మేడం? యాక్టరండీ వాడు. కొడుకు ఉద్యోగం కోసం," అన్నారు. అటు రాజలింగు మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టించాడు. కేసును పై బోర్డుకు పంపాలా వద్దా తేల్చేది మా ఆసుపత్రిలోని ప్రాథమిక బోర్డు. ఒకరికి ఫిట్ కావాలి, ఇంకొకరికి అన్‌ఫిట్ కావాలి. తొందరగా కావాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

మర్నాడు సాయంత్రం ఓదెలు ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు బాయి ఇడ్సుడు ఇష్టం లేదు మేడం," అన్నాడు. "ఇరవై ఎనిమిదేండ్ల సంది గా కప్పు కిందనే ఉన్న. ఇంట్ల ఏం జెయ్యాలె? గని పోరడు డిగ్రీ జేసి మూడేండ్లాయె, కాలిగనే ఉన్నడు. ఆల్లమ్మ రోజు ఏడుస్తది. బావేమో బోర్డుల ఇట్ల చెప్పు, అట్ల చెప్పు అంటడు. మేనేజర్ సారేమో యాక్టర్ అంటుండు. నాకు నొప్పున్నదా లేదా, గది తేల్చుండ్రి. సాలు."

నాకు సిగ్గేసింది. ఫైలు పక్కన పెట్టి, మొదటిసారి, పొద్దున లేచింది మొదలు ఏం చేస్తావో గంట గంటకూ చెప్పమన్నాను. మొదట బయటపడింది మాత్ర సంగతి. రోజూ అరగంట ముందు వేసుకోమన్న మాత్రను ఆయన జేబులో పెట్టుకుని బావిలోకి తీసుకెళ్తున్నాడు. నొప్పి వచ్చాక, నొప్పి వచ్చిన రోజు మాత్రమే వేసుకుంటున్నాడు. నొప్పి రాని ఆదివారానికి మందెందుకని ఆయన వాదన. ఈ మందు వచ్చిన మంటను ఆర్పదు, రాబోయే ఆసిడ్‌ను తగ్గిస్తుంది. అరిచాను. వెంటనే, ఎలా వేసుకుంటున్నావని రెండు వారాల్లో ఒక్కసారైనా అడిగానా అని నా మీద నేనే అరుచుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా వేసుకున్నాక మంట సగం తగ్గింది. మిగతా సగం డ్యూటీలోనే ఎందుకు వస్తుందో అంతుబట్టలేదు. అడిగితే ఓదెలు, "మీరొచ్చి సూడుండ్రి," అన్నాడు. మాటవరసకు అని ఉంటాడు. నేను పట్టుకున్నాను.

ఆడ డాక్టరు బావిలోకి దిగడానికి అనుమతి ఫైలు పదకొండు రోజులు తిరిగింది. ఒక ఆఫీసులో "ఎందుకు" అని రాశారు, మరో ఆఫీసులో "ఏ సైజు బూట్లు" అని రాశారు. చివరికి ఆగస్టులో ఒక సోమవారం, ఫస్ట్ షిఫ్టుతో పాటు, చీరకు బదులు ప్యాంటు చొక్కా వేసుకుని ల్యాంపు రూము ముందు నిలబడ్డాను. నన్ను చూడటానికి వచ్చినంతమంది ఆ బావిలో జీతాల రోజున కూడా రారట.

ల్యాంపు రూములో ప్రతివాడూ టోపీ లైటు, దాని బ్యాటరీ, విషవాయువు వస్తే నోటికి తగిలించుకునే డబ్బా తీసుకోవాలి. బ్యాటరీ, డబ్బా రెండూ నడుముకు కట్టే వెడల్పాటి బెల్టుకు వేలాడతాయి. బరువు నాలుగైదు కిలోలు. నా నడుముకు సరిపడే రంధ్రం ఏ బెల్టుకూ లేదు. ల్యాంప్‌మన్ ఒక మేకు తెచ్చి కొత్త రంధ్రం కొట్టి, పని మీద గౌరవంతో కాస్త ఎక్కువే బిగించాడు. జారితే లైటు ఆరిపోతుందన్నాడు.

పక్కనే ఓదెలు బెల్టు కట్టుకుంటున్నాడు. ఊపిరంతా వదిలాడు, పొట్ట లోపలికి లాగాడు, పళ్లు కొరికాడు, బకిల్ గుచ్చాడు. పొట్ట బెల్టుకు పైన కొంత, కింద కొంత వచ్చి కూర్చుంది. ఇదేమిటని అడిగితే ల్యాంప్‌మన్ గర్వంగా చెప్పాడు. "నౌకర్ల జేరిన నాడు నాలుగో పొక్క, ఇయ్యాల గూడ నాలుగో పొక్కే మేడం. గీ బాయిల ఓదెలన్న ఒక్కడే." ఇరవై ఎనిమిదేళ్లుగా అదే రంధ్రం. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఓదెలు బిడియంగా నవ్వాడు. నేను కూడా నవ్వాను. అప్పటికీ నా బుర్రకు ఏమీ తట్టలేదు, అంత చదువూ చదివి.

పదకొండు గంటలకు సద్ది తినే చోట బెంచీల మీద కూర్చున్నాం. లచ్చమ్మ నాకూ కట్టి పంపింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, అన్నం, చేపల పులుసు. బావిలో ఎవరూ తీరిగ్గా తినరు, పావుగంటలో గిన్నె ఖాళీ చేస్తారు. వాళ్లతో పోటీపడి నేనూ తిన్నాను. పులుసు అద్భుతంగా ఉంది, రెండోసారి కూడా వేసుకున్నాను. ఓదెలు లేచి దుంగ భుజానికెత్తాడు. ఆయన ఎలా వంగుతాడో, ఎప్పుడు నొప్పి వస్తుందో చూడాలని కాగితం, కలం పట్టుకుని వెనకే బయల్దేరాను. అక్కడ కప్పు తక్కువ ఎత్తులో ఉంది, నడుము వంచి ఏటవాలుగా పైకి నడవాలి.

యాభై అడుగులు వేశానో లేదో, రొమ్ము వెనకాల మొదలైంది. ముందు వెచ్చగా, తర్వాత సలసలా కాగినట్టు. గొంతులోకి పుల్లటి నీళ్లు వచ్చాయి. నాకు యాభై ఏడేళ్లు. నాన్న గుండెపోటుతో పోయారు. నా నాడి నేనే పట్టుకుని, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టి, భూమికి ఇంత లోతులో నన్ను ఏ స్ట్రెచర్ మీద పైకి తీసుకెళ్తారా అని ఆలోచిస్తూ ఒక దుంగ మీద కూలబడ్డాను. ఊపిరాడాలని బకిల్ విప్పబోయాను.

"మేడం! బెల్టు తియ్యద్దు!" మా వెంటే ఉన్న సర్దార్, అంటే ఆ ముఠాకు పనిపెద్ద, అరిచాడు. భూమి లోపల ఆ సరంజామా విప్పడం నేరం. "గావాలంటె వదులు జేస్కోండ్రి, తియ్యద్దు."

రెండు రంధ్రాలు వదులు చేశాను. నిటారుగా కూర్చున్నాను. కాసేపటికి మంట దిగింది. ఎదురుగా ఓదెలు దుంగ దించి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "గిదే మేడం," అన్నాడు. "మీకు గూడ వచ్చిందా?" అడగడంలో జాలి ఉంది. దానికంటే సంతోషం ఎక్కువ ఉంది. ఆరు నెలల్లో ఆయన నొప్పిని నమ్మిన మొదటి మనిషిని నేను, అదీ నాకు వచ్చాక.

నిండు కడుపు మీద బిగించిన బెల్టు, ఆపైన వంగడం, బరువెత్తడం. పట్టీ ఎంత గట్టిదైనా కింద నుంచి అంత ఒత్తిడి వస్తే ఆసిడ్ పైకి రాక ఎక్కడికి పోతుంది? ఇక మేము చేసిన పరీక్షలు గుర్తు తెచ్చుకున్నాను. ఈసీజీ, ఎకో, టీఎంటీ, ఎండోస్కోపీ. ఒక్కొక్కటీ ఖాళీ కడుపుతో, బెల్టు విప్పించి, నిటారుగా నడిపించో పడుకోబెట్టో చేసినవే. ఆయనకు నొప్పి తెచ్చే మూడింటినీ మేమే జాగ్రత్తగా తీసేసి, నొప్పి రావడం లేదేమని ఆయన్ను అనుమానించాం.

రెండు రంధ్రాలు వదులు చేసుకోమన్నాను ఓదెలును. ఆయన ముఖం వాడిపోయింది. "ఒకటి జేస్కుంట మేడం," అని బేరమాడాడు. బోర్డు ముందు తేల్చుకుందామన్నాను.

మా చీఫ్ బోర్డుకు అధ్యక్షులు. నేను అడిగింది విని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఓదెలు బోర్డు ముందు అన్నం తినాలి, నాలుగో రంధ్రంలో బెల్టు కట్టుకుని ఇసుక బస్తా ఎత్తాలి, స్ట్రెచర్లు తోసే ర్యాంపు మీద వంగి నడవాలి. ఒంటి మీద ఈసీజీ మానిటర్, పక్కన గుండె డాక్టరు, అత్యవసర మందుల బండి ఉండాలి. మర్నాడు అదే తిండి, అదే బస్తా, అదే ర్యాంపు, బెల్టు మాత్రం రెండు రంధ్రాలు వదులు. ఏది దేనివల్లో తేలాలి కాబట్టి వారం ముందే మాత్ర ఆపాను. "బోర్డు రెండు రోజులు కూర్చుని ఒకాయన భోంచేయడం చూడాలా?" అన్నారు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు. గుండె డాక్టరు మాత్రం సరదాపడ్డారు. అలా ఒప్పుకున్నారు.

మొదటి రోజు లచ్చమ్మ సద్ది విప్పింది. చేపల పులుసు వాసనకు ముగ్గురు డాక్టర్లూ కాగితాలు తిప్పడం ఆపేశారు. ఓదెలు పెద్దమనుషుల ముందు మొహమాటపడి నెమ్మదిగా తింటుంటే, బావిలో తిన్నట్టు తినాలని నేను గద్దించాను. బెల్టు, బస్తా, ర్యాంపు. రెండో చుట్టులో రొమ్ము పట్టుకుని ఆగిపోయాడు. మానిటర్ మీద గుండె గీత కొంచెం కూడా మారలేదు. చీఫ్ తన చేత్తో రాసుకున్నారు. నొప్పి నిజం, గుండె క్షేమం. ఓదెలు నటిస్తున్నాడంటూ మేనేజరు పంపిన ఉత్తరం ఫైలులో ఎదురుగానే ఉంది, చీఫ్ దాన్ని అడుక్కి నెట్టారు.

అసలు చిక్కు రెండో రోజుది. రాజలింగుకు అప్పటికి విషయం అర్థమైంది. బెల్టు వదులు చేసినా నొప్పి ఉందంటే కేసు పై బోర్డుకు వెళ్తుంది. నొప్పిని మిషన్ చూపించలేదు కాబట్టి కాదనేవాడు లేడు. వరండాలో ఆయన ఓదెలు భుజం మీద చెయ్యివేసి చెబుతుంటే నాకు వినిపించింది. "ఒక్క మాట ఓదెలు. ఉన్నదను. అంతే. పోరని బతుకు నిలవడ్తది." లచ్చమ్మ గిన్నె మూత తీసి మళ్లీ పెట్టింది. నేను వెళ్లి ఆపగలిగేదాన్నే. కానీ ఏమని ఆపాలి? ఆ కొడుకును రోజూ చూసేది నేను కాదు.

అదే అన్నం, అదే పులుసు. బెల్టు ఆరో రంధ్రం. బస్తా ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ర్యాంపు ఒక చుట్టు, రెండు, మూడు. నాలుగో చుట్టు తనంతట తానే వేశాడు. వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. చీఫ్ అడిగారు, నొప్పి ఉందా అని.

ఓదెలు తలుపు దగ్గర నిలబడ్డ భార్య వైపు చూశాడు. రాజలింగు వైపు చూడలేదు. చెయ్యి రొమ్ము దాకా వెళ్లింది. ఆ చెయ్యి అక్కడే ఆగితే నేను చేసిన పనంతా వృథా. ఆగినా ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాదు.

"లేదు సార్," అన్నాడు. "మంచిగున్నది."

బోర్డు రాసిన తీర్పు ఇదీ: గ్యాస్ట్రో ఈసోఫేజియల్ రిఫ్లక్స్ వ్యాధి, భూగర్భ విధులకు ఫిట్. మాత్ర రోజూ, ఆహారానికి ముందు. సద్ది తక్కువగా, నెమ్మదిగా తినాలి, తిన్న వెంటనే బరువులెత్తకూడదు, తినగానే పడుకోకూడదు, పొట్ట తగ్గించాలి, ల్యాంపు బెల్టు రెండు రంధ్రాలు వదులుగా కట్టుకోవాలి. ఆ చివరి ముక్కకు ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పమని పర్సనల్ విభాగం మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ నేను జవాబివ్వలేదు.

రాజలింగు నాతో మాట్లాడటం మానేశాడు. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా పెద్దపల్లి తీసుకెళ్లేవాడు. లచ్చమ్మ మాత్రం ఆ రోజు గిన్నెలు సర్దుకుంటూ నా దగ్గర ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. "నొప్పి లేదన్నడు గద, ఇగ నేనేమంట డాక్టరమ్మ," అంది. "ఆరు నెలలాయె, గట్లనుడు ఇనక." కళ్లు తుడుచుకుంది. కొడుకు తర్వాత కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాడని విన్నాను. మంచి ఉద్యోగమేమీ కాదు. అందరికీ అన్నీ కుదిరాయని చెప్పడానికి నేనిది రాయడం లేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఛాతీ మంటతో వచ్చిన ప్రతి కార్మికుణ్ణీ నాలుగు ప్రశ్నలు అడిగాను. అప్పటికి ఏం తిన్నావు, ఎలా తిన్నావు, నడుముకు ఏముంది, ఏ పని చేస్తున్నావు. మందిచ్చాక, ఎప్పుడు ఎలా వేసుకుంటున్నావని అడిగాను. ఇవి ఏ వైద్య పుస్తకంలోనైనా మొదటి పేజీలో ఉండేవే. ఓదెలు కేసులో వాటిని అడగడానికి నాకు ఏడు వారాలు పట్టింది. ఆయన అబద్ధమాడుతున్నాడేమో అన్న అనుమానం ముందే వచ్చి కూర్చోవడంతో ప్రశ్నలకు చోటు లేకపోయింది. ఆ ఏడు వారాలూ ఆయన ఆ నొప్పితోనే దిగి, ఆ నొప్పితోనే కప్పు తట్టి, మిగతావాళ్ల నెత్తిన రాయి పడకుండా దుంగలు నిలబెట్టాడు.